రెండోసారి అడిగినప్పుడు

అందరికీ నమస్కారం. బ్రాడీపేటలో పుట్టి పెరిగినదాన్ని కాబట్టి ఇక్కడ మైకు పట్టుకుంటే ఇంట్లో మాట్లాడుతున్నట్టే ఉంది. అమెరికా రాజకీయాల గురించి మాట్లాడమన్నారు. నాకు తెలిసిన ఒక్క ముక్కే చెబుతాను. సెనేటర్ బెర్నీ శాండర్స్ 2020లో అధ్యక్ష పదవికి డెమాక్రటిక్ పార్టీ టికెట్ కోసం రెండోసారి పోటీ పడినప్పుడు, ఆయన భావాలు నచ్చినవాళ్లే ఎందుకు రెండుగా చీలిపోయారు అన్నది. ఆ చీలిక మా ఇంట్లోనే వచ్చింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

2020 ఫిబ్రవరి 3, సోమవారం. అయోవా రాష్ట్రంలో డెమోయిన్ పక్కన ఉండేవాళ్లం. సాయంత్రం ఏడింటికి నేనూ మా అమ్మాయీ ఒకే కారులో వెళ్లి, ఒకే బడి జిమ్‌లో ఎదురెదురు మూలల్లో నిలబడ్డాం. మా అమ్మాయిది శాండర్స్ మూల. నేను నిలబడింది, అదే టికెట్ కోసం పోటీ పడుతున్న ఇంకో సెనేటర్ ఎలిజబెత్ వారెన్ మూలలో. మా అమ్మాయికి అప్పటికి పదిహేడేళ్లు. నవంబరు ఎన్నికల నాటికి పద్దెనిమిది నిండేవాళ్లకు కాకస్‌లో పాల్గొనే హక్కు ఉంటుంది అక్కడ. నాకూ అదే మొదటిసారి. పౌరసత్వం వచ్చి ఏడాది కూడా కాలేదు.

కాకస్ అంటే ఏమిటో, పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే ఆ పద్ధతి అప్పట్లో అయోవాలో ఎలా ఉండేదో ఒక్క నిమిషం చెప్పాలి. మనకు తెలిసినట్టు తెర చాటున ఓటు వేసి రావడం కాదు. ఊళ్లో వాళ్లంతా ఒక చోట చేరి, ఎవరికి ఇష్టమైన అభ్యర్థి పేరు కింద వాళ్లు నిలబడేవాళ్లు. తలలు లెక్కపెట్టేవాళ్లు. మొత్తం జనంలో 15 శాతం రాని గుంపు రద్దయిపోయేది. అందులోవాళ్లు వేరే మూలకు వెళ్లేవాళ్లు, లేకపోతే ఇంటికి పోయేవాళ్లు. పక్కింటావిడ ఎటు నిలబడిందో అందరికీ తెలిసేది. బిడ్డ ఎటు నిలబడిందో తల్లికి తెలిసేది.

ఆ రోజు మా జిమ్‌లో దాదాపు మూడు వందల మంది ఉన్నారు. వారెన్ మూలలో ముప్పై ఎనిమిది మంది తేలాం. ఇంకో ఏడుగురు ఉంటే గట్టెక్కేవాళ్లం. శాండర్స్ గుంపు మొదటి లెక్కలోనే దాటేసింది. రెండో లెక్కకు ముందు పావుగంట టైమిచ్చారు. మా అమ్మాయి గది దాటి నా దగ్గరకొచ్చి, "అమ్మా, మా వైపు వచ్చేయ్. ఇద్దరిదీ ఒకే మాట కదా" అంది.

ఒకే మాటేనా? అప్పుడు నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

శాండర్స్ గారి సంగతి మీలో చాలామందికి తెలుసు. 1941లో బ్రూక్లిన్‌లో పుట్టారు. 1981లో వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ పట్టణానికి పది ఓట్ల తేడాతో మేయరయ్యారు. 1991 నుంచి ప్రతినిధుల సభలో, 2007 నుంచి సెనేట్‌లో ఉన్నారు. ఇన్నేళ్లూ ఏ పార్టీలోనూ చేరకుండా స్వతంత్రుడిగానే గెలుస్తూ, సభలో మాత్రం డెమాక్రాట్ల వైపు కూర్చున్నారు. 2013లో అందరికీ ప్రభుత్వమే వైద్య బీమా ఇవ్వాలని సెనేట్‌లో ఒక బిల్లు పెడితే, దాని మీద సంతకం పెట్టడానికి ఇంకొక్క సెనేటర్ కూడా ముందుకు రాలేదు. ఒక్కడే. అదే ఆశయంతో 2017లో మళ్లీ బిల్లు పెట్టినప్పుడు పదహారు మంది సెనేటర్లు కలిసి వచ్చారు. వారెన్ వాళ్లలో ఒకరు, కమలా హారిస్ ఇంకొకరు.

సున్నా నుంచి పదహారుకి మధ్యలో జరిగింది ఏమిటంటే, 2016లో ఆయన మొదటి పోటీ.

ఆ పోటీని నేను ఓటు హక్కు లేని మనిషిగా చూశాను. అంతకు ముందు హెచ్-వన్ వీసా మీద బతికాం. అలాంటి ఇంట్లో ఉద్యోగం పోతే జీతమొక్కటే పోదు. దానితో పాటు ఇన్సూరెన్స్ కూడా పోతుంది. ఇన్సూరెన్స్ ఉన్నా ముందు కొన్ని వేల డాలర్లు మన జేబులోంచి పెట్టుకున్నాకే అది పని చేయడం మొదలుపెడుతుంది. మా ఆయనకు ఒకసారి ఉద్యోగం లేని రెండు నెలలు వచ్చాయి. ఆ రెండు నెలలు పాపకు జ్వరం వస్తే, మందు కన్నా ముందు బిల్లు గుర్తొచ్చేది. ఆ టెన్షన్ అనుభవించినవాళ్లకి, ఒక పెద్దాయన నిలబడి వైద్యం మనిషి హక్కు అని గట్టిగా అంటుంటే ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. నాకు ఆయన మీద గౌరవం అక్కడ పుట్టింది. అది ఇప్పటికీ తగ్గలేదు. ఈ మాట ముందే చెప్పుకుంటున్నాను, ఎందుకంటే తరవాత చెప్పబోయేది కొంచెం కటువుగా ఉంటుంది.

2016లో అయోవాలో హిల్లరీ క్లింటన్‌కీ ఆయనకీ తేడా పావు శాతం. మిషిగన్‌లో సర్వేలన్నిటినీ తలకిందులు చేసి గెలిచారు. మొత్తం మీద 43 శాతం ఓట్లు తెచ్చుకున్నారు. ఓడిపోయినా పార్టీ నియమాలు ఆయన వల్ల మారాయి. పార్టీ పెద్దలకు జనం ఓట్లతో సంబంధం లేకుండా ఉండే సూపర్ డెలిగేట్ల ఓటు, అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ మహాసభలో మొదటి రౌండులో చెల్లదని 2018లో తీర్మానించారు. ఓడిన మనిషి ఇంత సాధించడం మామూలు విషయం కాదు.

కానీ ఆ ఏడాది ఒక పుండు కూడా మిగిలింది. నవంబరులో ట్రంప్ గెలిచింది విస్కాన్సిన్, మిషిగన్, పెన్సిల్వేనియా మూడూ కలిపి 78 వేల లోపు ఓట్ల తేడాతో. శాండర్స్ మనుషులు మనస్ఫూర్తిగా కలిసి రాలేదు కాబట్టే ఓడామని క్లింటన్ అభిమానులు అన్నారు. పార్టీ ఆఫీసు మొదటి నుంచీ ఒక పక్షాన ఉంది, బయటపడ్డ ఈమెయిళ్లే సాక్ష్యం అని శాండర్స్ అభిమానులు అన్నారు. రెండు మాటల్లోనూ కొంత నిజం ఉంది. అందుకే ఆ గొడవ తెగలేదు.

2019 ఫిబ్రవరి 19న ఆయన మళ్లీ పోటీ చేస్తున్నానని ప్రకటించేసరికి ఆ పుండు అలాగే ఉంది. మొదటి ఇరవై నాలుగు గంటల్లో 59 లక్షల డాలర్ల చందాలు వచ్చాయి. ఇచ్చినవాళ్లు రెండు లక్షల పైచిలుకు మంది, ఎక్కువమంది చిన్న చిన్న మొత్తాలు. మా అమ్మాయి తను బేబీ సిట్టింగ్ చేసి సంపాదించిన డబ్బులోంచి ఇస్తానంటే, మైనరువి, వద్దన్నాను. ఆ రోజు నాతో మాట్లాడలేదు.

నా స్నేహితుల్లో సగం మంది మాత్రం నీరుగారిపోయారు. వాళ్లు ఆయన్ని ద్వేషించేవాళ్లేం కాదు, 2016లో ఆయనకే నిలబడ్డవాళ్లు. "ఆయన పని ఆయన చేశారు. ఇప్పుడు అదే మాట మాట్లాడే కొత్తవాళ్లు వచ్చారు కదా, దారి ఇవ్వచ్చు కదా" అన్నది వాళ్ల బాధ. ఆయనకు అప్పటికి డెబ్బై ఏడేళ్లు. ఆ అక్టోబరు 1న లాస్ వెగాస్‌లో గుండెపోటు వచ్చి రెండు స్టెంట్లు వేశారు. మా మామయ్యగారికి కూడా అదే ఏడు స్టెంటు పడింది కాబట్టి, ఆ వార్త వినగానే మా ఇంట్లో రాజకీయం కన్నా ముందు జాలి వచ్చింది. ఇక తప్పుకుంటారని నేను అనుకున్నాను.

తప్పుకోలేదు. ఆ నెల 19న న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో సభ పెట్టారు. ప్రతినిధుల సభ సభ్యురాలు అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్ వేదిక మీదికి వచ్చి మద్దతు ప్రకటించింది. మీకు తెలియని మనిషి కోసం కూడా మీ కోసం పోరాడినంత గట్టిగా పోరాడతారా అని ఆయన ఆ జనాన్ని అడిగారు. నాకు ఆయన ప్రసంగాలన్నిటిలో గుర్తుండిపోయిన మాట అదే. మా అమ్మాయి ఆ వీడియో ఎన్నిసార్లు చూసిందో.

అటువైపు చూడండి. అభ్యుదయ సంస్థల్లో పేరున్న వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ, క్రితంసారి శాండర్స్‌ని బలపరిచినది, 2019 సెప్టెంబరులో వారెన్ వైపు తిరిగింది. ప్రతినిధుల సభలో ఒకాసియో-కోర్టెజ్, ఇల్హాన్ ఒమర్, రషీదా త్లాయిబ్, అయానా ప్రెస్లీ నలుగురూ ఒక జట్టుగా పేరు పడ్డారు. వాళ్లలో ముగ్గురు శాండర్స్ వైపు వెళ్తే ప్రెస్లీ వారెన్ వైపు వెళ్లింది. మా వంటింట్లో జరిగిందే వాషింగ్టన్‌లోనూ జరిగింది.

నేను వారెన్‌ని ఎందుకు ఎంచుకున్నాను? ఆవిడ ప్రతి సమస్యకీ ఒక లెక్క రాసుకుని వచ్చేది. డబ్బు ఎక్కడి నుంచి తెస్తావంటే అంకెలు చెప్పేది. ఉద్యోగం చేస్తూ ఇల్లు నడిపే ఆడదానికి అది నచ్చుతుంది. వైద్య బీమా విషయంలో శాండర్స్‌తోనే ఉన్నానని 2019 జూన్ డిబేట్‌లో గట్టిగా చెప్పింది. నవంబరు కల్లా మాత్రం ముందు ఒక ప్రభుత్వ బీమా పెట్టి, అందరికీ ఒకే బీమా అన్న చట్టాన్ని మూడో ఏట తెద్దాం అంది. నేను దాన్ని ఆచరణ అనుకున్నాను. మా అమ్మాయి వెనకడుగు అంది. ఇప్పుడు ఆలోచిస్తే, ఆ విషయంలో తనదే సరైన చూపేమో అనిపిస్తుంది. బేరం మొదలవకముందే ధర తగ్గించుకున్నట్టయింది.

జనవరిలో ఇంకా కఠినంగా మారింది. ఆడమనిషి గెలవలేదని 2018లో తనతో శాండర్స్ అన్నారని వారెన్, అనలేదని శాండర్స్. జనవరి 14న మా డెమోయిన్‌లోనే డిబేట్. అయిపోయాక ఆయన చెయ్యి చాస్తే ఆవిడ అందుకోలేదు. నన్ను అబద్ధాలకోరు అన్నావంటూ ఆవిడ అన్న మాట మైకుల్లో పడింది. మర్నాటి నుంచి మా వాట్సాప్ గ్రూపుల్లో వారెన్ మీద పాము బొమ్మలు, తిట్లు. ఒక పెద్దావిడ, నలభై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పి రిటైరైన మా వీధి టీచరమ్మ, ఒక్క వాక్యం రాసింది వారెన్ గురించి. దానికి వచ్చిన జవాబులు నేను ఇక్కడ చదవను. చదవదగ్గవి కావు.

ఇక మన తెలుగువాళ్ల మాట. ఆ ఏడాది మా చుట్టుపక్కల పెద్దవాళ్లలో చాలామందికి శాండర్స్ అంటే రెండు అభ్యంతరాలు. ఒకటి, హెచ్-వన్ వీసాల మీద ఆయన చాలా ఏళ్లుగా చేస్తున్న విమర్శ. రెండు, 2019 ఆగస్టు చివర్లో హ్యూస్టన్‌లో కశ్మీర్ గురించి ఆయన మాట్లాడిన మాట. అక్కడే పుట్టిన పిల్లలకు ఈ రెండూ అంతగా పట్టలేదు. వాళ్లకు కాలేజీ అప్పు, వాతావరణం ముందు. చాలా ఇళ్లల్లో భోజనాల దగ్గర మాటలు ఆగిపోయాయి. దీని మీద ఇంకా చెప్పాలని ఉంది కానీ అసలు విషయం పక్కకు పోతుంది.

సరే, జిమ్‌కి వద్దాం.

ముప్పై ఎనిమిది మందిమి. మా అమ్మాయి లెక్క ప్రకారం వారెన్ పోతే అందరూ శాండర్స్ దగ్గరకే రావాలి. నేనూ అదే అనుకున్నాను. జరిగింది అది కాదు. ఒక పన్నెండు మంది శాండర్స్ వైపు వెళ్లారు. అంతకన్నా ఎక్కువమంది మరో అభ్యర్థి పీట్ బుటిజెజ్ మూలకి నడిచారు. కొందరు ఇంకో అభ్యర్థి ఎమీ క్లోబుచర్ దగ్గరకు. ఇద్దరో ముగ్గురో కోటు వేసుకుని ఇంటికి పోయారు. టీచరమ్మ క్లోబుచర్ వైపు కదులుతుంటే ఆపి అడిగాను, "మీరు వైద్య బీమా కోసం వారెన్ అన్నారు కదా, క్లోబుచర్ దానికి ఒప్పుకోదు కదా" అని. ఆవిడ అంది, "2016లో నేను హిల్లరీకి నిలబడ్డాను. అప్పుడు శాండర్స్ వాళ్లు నన్ను అన్న మాటలు ఇంకా గుర్తున్నాయి. నాలుగేళ్లలో వాళ్లలో ఒక్కళ్లు కూడా నా గుమ్మం ఎక్కి ఎందుకలా చేశావని అడగలేదు."

నేను శాండర్స్ మూలకే వెళ్లాను. మా అమ్మాయి చెయ్యి పట్టుకుంది. కానీ నా మనసు టీచరమ్మ మాట దగ్గరే ఉండిపోయింది.

ఆ రాత్రి ఫలితాలు చెప్పే యాప్ పని చేయక రాష్ట్రమంతా గందరగోళం. తరవాత తేలిందేమిటంటే, తలల లెక్కలో శాండర్స్ ముందున్నారు, పార్టీ సభకు వెళ్లే ప్రతినిధుల లెక్కలో బుటిజెజ్ వెంట్రుకవాసి ముందున్నారు. ఆ వెంటనే న్యూ హాంప్‌షైర్ శాండర్స్ గెలిచారు. ఫిబ్రవరి 22న నెవాడాలో ఘనంగా గెలిచారు.

నెవాడా గురించి కాస్త ఆగి చెప్పాలి. 2016లో ఆయన అక్కడ ఓడిపోయారు. లాటినో ఓటర్లు తనకు ఇంకా దగ్గర కాలేదని ఆయన మనుషులకు అర్థమైంది. అందుకని రెండోసారి నెలల ముందే అక్కడ ఆఫీసులు తెరిచారు, స్పానిష్‌లో మాట్లాడే కుర్రాళ్లను ఇంటింటికీ పంపారు. లాస్ వెగాస్ హోటళ్లలో గదులు ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు ఉన్న కలినరీ యూనియన్ నాయకత్వం ఆయన బీమా పథకానికి వ్యతిరేకంగా కరపత్రాలు పంచింది. వాళ్లకు కష్టపడి సాధించుకున్న మంచి బీమా ఒకటి ఉంది, అది పోతుందని భయం. అయినా ఆ హోటళ్లలో పెట్టిన కాకస్‌లలో ఎక్కువ చోట్ల ఆయనే గెలిచారు. బెర్నీ బాబాయ్ అన్నట్టు స్పానిష్‌లో 'తీయో బెర్నీ' అని పిలుచుకున్నారు. మొదటిసారి కాదన్నవాళ్ల దగ్గరకు వెళ్లి కూర్చుంటే ఏమవుతుందో నెవాడా చూపించింది.

వారం తిరిగేసరికి సౌత్ కరోలినా. అక్కడి డెమాక్రటిక్ ప్రైమరీలో, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఓటింగులో, ఓటేసేవాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు. 2016లో ఆయనకు అక్కడ 26 శాతం వచ్చాయి. 2020లో 20 శాతం లోపు. నాలుగేళ్ల తరవాత, దేశమంతా పేరు వచ్చాక, తగ్గాయి. ఫిబ్రవరి 26న అక్కడి సీనియర్ నేత జిమ్ క్లైబర్న్ జో బైడెన్‌కి మద్దతు ప్రకటించారు. ఆయన మద్దతు మీరు ఎందుకు అడగలేదని తరవాత ఒక ఇంటర్వ్యూలో అడిగితే, ఆయన రాజకీయాలు వేరు, నాకు ఇచ్చే ప్రశ్నే లేదు అన్న అర్థంలో శాండర్స్ జవాబిచ్చారు. అది విన్న రోజు నాకు టీచరమ్మే గుర్తొచ్చింది. ఇవ్వరని తెలిసినా వెళ్లి అడగాలి. అడగడానికి వెళ్తేనే వాళ్లు ఎందుకు కాదంటున్నారో తెలుస్తుంది. తరతరాలుగా ఓటు హక్కు కోసం దెబ్బలు తిన్న మనుషులు, గెలిచే గుర్రం ఎవరా అని చూసుకుంటున్నారంటే అది పిరికితనం కాదు. ఓడితే మొదట దెబ్బ తగిలేది తమకే అన్న ఎరుక. ఆ ఎరుకకు ఆయన ప్రసంగంలో జవాబు లేదు. మార్చి మొదట్లో మిసిసిపీ రాష్ట్రంలో పెట్టాల్సిన సభ కూడా రద్దు చేసుకుని మిషిగన్ వెళ్లిపోయారు. మిసిసిపీలో 15 శాతానికి కాస్త లోపే ఆగిపోయారు. దేని కోసమైతే అది వదులుకున్నారో ఆ మిషిగన్‌లో 83 కౌంటీలూ బైడెన్ గెలిచారు. 2016లో తనను గెలిపించిన రాష్ట్రం అది.

సభలో ఎవరో అడుగుతున్నారు, వినిపించింది. వారెన్ ముందే తప్పుకుని ఉంటే శాండర్స్ గెలిచేవారు కదా అని.

ఇది అప్పట్లో ప్రతి శాండర్స్ అభిమానీ అన్న మాట. మార్చి 2న బుటిజెజ్, క్లోబుచర్ ఇద్దరూ పోటీ వదిలేసి బైడెన్ పక్కన నిలబడ్డారు. మర్నాడు సూపర్ ట్యూస్‌డే, పద్నాలుగు రాష్ట్రాల్లో ఒకేరోజు ప్రైమరీ ఓటింగు. వారెన్ మాత్రం బరిలోనే ఉంది. మిన్నెసోటాలో బైడెన్‌కి 38 శాతం పైన, శాండర్స్‌కి దాదాపు 30, వారెన్‌కి 15 పైన. మసాచుసెట్స్‌లో కూడా ఇద్దరివీ కలిపితే బైడెన్‌ని దాటిపోతాయి. కాగితం మీద లెక్క చాలా బాగుంది. కానీ నేను జిమ్‌లో నిలబడి చూశానండీ. ముప్పై ఎనిమిది మందిలో పన్నెండు మంది. ఓటర్లు బియ్యం బస్తాలు కాదు, ఈ గదిలోంచి ఆ గదిలోకి మోసేయడానికి. ఇదే ప్రశ్నను తిప్పి అడిగినవాళ్లూ ఉన్నారు, 2019లో శాండర్సే నిలబడకపోతే వారెన్ గెలిచేది కదా అని. దానికీ నా జవాబు అదే.

ఎవరు తప్పుకోవాలి అన్న ప్రశ్న మీద మేము ఏడాది పాటు కొట్టుకున్నాం. తల్లీ కూతురూ, స్నేహితులూ, సంస్థలూ. వైద్యం హక్కు అని అప్పటికే నమ్మినవాళ్లం మేమంతా. మా ఫలితం తేల్చేవాళ్లు మాత్రం ఆ సంవాదంలో లేరు. వాళ్లు సౌత్ కరోలినా చర్చిల్లో ఉన్నారు, మా వీధి చివర టీచరమ్మ ఇంట్లో ఉన్నారు. ఒక మనిషి రెండోసారి పోటీ చేయడం తప్పని నేను అనను. వయసు కూడా నాకు పెద్ద అభ్యంతరం కాదు. రెండోసారి నిలబడేవాళ్లు మొదటిసారి చప్పట్లు కొట్టినవాళ్ల దగ్గరకే మళ్లీ వెళ్తే మాత్రం, నాలుగేళ్లు వృథా అయినట్టే. శాండర్స్ సగం చోట్ల ఆ పని చేశారు, సగం చోట్ల చేయలేదు. ఆయన్ని ప్రేమించేదాన్ని కాబట్టే ఈ మాట ఇంత గట్టిగా అంటున్నాను.

ఏప్రిల్ 8న ఆయన ప్రచారం ఆపేశారు. కోవిడ్ వచ్చి బడులు మూసేశారు, మా అమ్మాయి ఇంట్లోనే ఉంది. లాప్‌టాప్ ముందు కూర్చుని ఆయన మాట్లాడినదంతా విని, మూత వేసి, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. 13న ఆయన బైడెన్‌కి మద్దతు ఇచ్చారు. 2016లో హిల్లరీకి మద్దతు ఇవ్వడానికి జూలై దాకా ఆగిన మనిషి. ఆ తేడా నేను గమనించాను, తనూ గమనించింది.

ఆ సెప్టెంబరులో మా అమ్మాయి ఫోన్లు చేసే వలంటీరుగా చేరింది, బైడెన్ కోసం. మనసొప్పి చేరిందని చెప్పను. వాళ్లిచ్చిన జాబితాలో మా వీధి నంబర్లు కూడా ఉన్నాయి. ఒక రోజు సాయంత్రం తను ఫోను పక్కన పెట్టి, మాస్కు పెట్టుకుని బయటికి వెళ్లింది. కిటికీలోంచి చూశాను. టీచరమ్మ వాకిట్లో, మెట్లకి ఆరడుగుల దూరంలో గడ్డి మీద కూర్చుంది. ఆవిడ కుర్చీలో. చీకటి పడేదాకా అక్కడే ఉన్నారు. తిరిగొచ్చాక ఏం మాట్లాడుకున్నారే అని అడిగాను.

"2016లో ఏం జరిగిందని అడిగానమ్మా. ఆవిడ చెబుతుంటే విన్నాను" అంది.